లండన్‌లో మనకెవరున్నారు?

తెనాలి దగ్గర ఒక ఊరి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. మొత్తం వేయడానికి చోటు చాలదు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆయనకి 62 ఏళ్ళు, అన్నయ్యకి 68. తండ్రి తొందరగా పోవడంతో అన్నయ్య ఇంటర్ మధ్యలో మానేసి కిరాణా కొట్లో కూర్చున్నాడు. తమ్ముణ్ణి బీఎస్సీ, ఆ తర్వాత బీఈడీ చదివించాడు. ఇద్దరికీ క్రికెట్ అంటే ప్రాణం. కొట్టు అరుగు మీద ట్రాన్సిస్టర్ ఉండేది. బ్యాటరీలు నీరసపడితే ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళు. 1983 జూన్ 25 రాత్రి, లండన్‌లోని లార్డ్స్ గ్రౌండులో జరుగుతున్న ప్రపంచ కప్ ఫైనల్ కామెంటరీ వింటూ అన్నయ్య అరువుల ఖాతా పుస్తకం చివరి పేజీలో వెస్టిండీస్ వికెట్లు ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడట. పదోది పడ్డాక కింద గీత గీసి, "ఎప్పటికైనా ఆ గ్రౌండు చూడాలిరా, ఇద్దరం" అన్నాడట. ఆ పుస్తకం ఇప్పటికీ మాస్టారి బీరువాలో ఉంది.

ఆ మాట కోసం మాస్టారు పన్నెండేళ్ళ పాటు ట్యూషన్ డబ్బులు పక్కన పెట్టి ఏడు లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. ఇంట్లో చెప్పలేదు. ఈ మధ్య డిపాజిట్ గడువు తీరి బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ భార్య కంట పడింది. అదే నెలలో మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి, "డిసెంబరులో మీరిద్దరూ రండి నాన్నా, టికెట్లు నేనే తీస్తాను, క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే బాక్సింగ్ డే టెస్ట్ చూపిస్తాను" అన్నాడు. అక్కడ రెండేళ్ళ మనవరాలు ఉంది. లండన్ సంగతి బయటపెడితే భార్య ఒకటే మాట అడిగింది: "లండన్‌లో మనకెవరున్నారు?"

ఇక అన్నయ్య. నాలుగేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ వేశారు. మోకాళ్ళ నొప్పులు, షుగరు ఉన్నాయి. డాక్టరు తిరగవచ్చనే అన్నారు. మాస్టారు కదిపితే, "నాకెందుకురా ఆ చలిదేశం, నువ్వెళ్ళి చూసి రా, చెబితే వింటాను" అన్నాడు. వదిన మాత్రం, "రాత్రిళ్ళు ఫోన్లో ఆ గ్రౌండు వీడియోలే చూస్తూ ఉంటారు" అని చెప్పింది.

మాస్టారి ప్రశ్నలు మూడు. లార్డ్స్ చూడకుండా మెల్‌బోర్న్ వెళితే మాట తప్పినట్టా? ఈ వయసులో ఒక గ్రౌండు చూడ్డానికి అంత డబ్బు పెట్టడం పిచ్చా? చూస్తే ఏ గ్రౌండు చూడాలి?

మాస్టారూ, గ్రౌండ్లు ఎక్కడికీ పోవు. ముందు మీ ఇంటి సంగతి చూద్దాం.

"ఆవిడకి క్రికెట్ అంటే పడదు" అని మీరు మూడుచోట్ల రాశారు. కానీ మెసేజ్ చూసిన రోజు ఆవిడ అన్న మాట కూడా మీరే రాశారు: "ముప్పై ఆరేళ్ళ కాపురంలో నాకు చెప్పకుండా దాచింది ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?" ఇందులో క్రికెట్ ఎక్కడుంది? మీరు ఏడు లక్షలు దాచినందుకు ఆవిడ బాధపడటం లేదు. పన్నెండేళ్ళు దాచినందుకు బాధపడుతోంది. ఆ సంగతి తేలకుండా లండన్ గురించి ఎంత చెప్పినా, మెల్‌బోర్న్ గురించి ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కదు.

మీ ఖాతా పుస్తకం ఆవిడ ఎప్పుడైనా చూసిందా? మీ ఉత్తరాన్ని బట్టి చూడలేదనే అనుకుంటున్నాను. పాస్‌బుక్కూ ఆ పుస్తకమూ రెండూ తీసి ఆవిడ ముందు పెట్టండి. ఎందుకు దాచానో చెప్పండి. "నువ్వు ఒప్పుకోవని" అనవద్దు, అది మళ్ళీ ఆవిడ మీదకే తోసినట్టవుతుంది. నాకు సిగ్గేసింది అని చెప్పండి. మీ ఎనిమిది పేజీల్లో కనిపించింది అదే. లెక్కల మాస్టారు, నలుగురికీ పొదుపు గురించి చెప్పేవాడు, గ్రౌండు చూడ్డానికి లండన్ వెళ్తానంటే నవ్వుతారని సిగ్గుపడ్డారు. ఆ తర్వాత ఆవిడ రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోనీయండి.

పిచ్చా అని అడిగారు కాబట్టి అదీ తేల్చేద్దాం. పెన్షన్ వస్తోంది, ఇల్లు సొంతం, అమ్మాయి పెళ్ళి అయిపోయింది, అప్పు లేదు అని రాశారు. ఆసుపత్రి ఖర్చులకంటూ వేరే ఏదైనా పెట్టుకున్నారో లేదో రాయలేదు. ఈ ఏడు లక్షలు తప్ప ఇంకేమీ లేకపోతే, అందులో రెండు మూడు లక్షలు ముందే పక్కన పెట్టి మిగిలినదాంతో ఎంతవరకు వెళ్ళగలరో చూసుకోండి. వేరే ఉంటే ఇది పిచ్చి కాదు. పిచ్చే అయినా, మనుషులకి కాస్త ఉండాల్సిన పిచ్చే.

ఇక మాట తప్పడం. మీరు పిల్లలకి చెప్పే ఉంటారు, లెక్క చేసేముందు లెక్కలో ఏమడిగాడో సరిగ్గా చదవమని. అన్నయ్య అన్నది "ఆ గ్రౌండు చూడాలిరా, ఇద్దరం." ఆ గ్రౌండు అంటే లార్డ్స్. మెల్‌బోర్న్ ఆ లెక్కలో లేదు. కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడి స్టేడియంలో కూర్చున్నంత మాత్రాన మీరు ఏ మాటా తప్పినట్టు కాదు. ఇంకో సంగతి గమనించారా? "ఆ గ్రౌండులో మ్యాచ్ చూడాలి" అని ఆయన అనలేదు. ఈ నలభై ఏళ్ళూ మీరు ఆ రెండింటినీ కలిపేసుకున్నారని నా అనుమానం. ఇండియా టెస్టు ఆడేటప్పుడే వెళ్ళాలి, టికెట్ దొరకాలి, సెలవు దొరకాలి అనుకుంటూ ఒక్కో టూరూ వదిలేశారు. మనవాళ్ళు టెస్టులు ఆడటానికి ఇంగ్లండ్ వెళ్ళేది సుమారు నాలుగేళ్ళకోసారి. లార్డ్స్ టెస్టు టికెట్లకి నెలల ముందే లాటరీలో పేరు ఇచ్చుకుని అదృష్టం కోసం చూడాలి. అన్నయ్య మోకాళ్ళు అంతకాలం ఆగుతాయా?

నా ఉద్దేశంలో లార్డ్స్ ఖాళీగా ఉన్న రోజున చూడాల్సిన గ్రౌండు. మెల్‌బోర్న్ మాత్రం నిండుగా ఉన్నప్పుడే చూడాలి.

లార్డ్స్ పెద్ద స్టేడియం కాదు. టీవీలో చూసి గొప్పగా ఊహించుకుని వెళ్ళినవాళ్ళు మొదట, ఇంతేనా అనుకుంటారు. థామస్ లార్డ్ అనే ఆయన 1814లో ఇక్కడికి మార్చాడు. అంతకుముందు రెండుచోట్ల పెట్టి ఖాళీ చేయాల్సి వచ్చింది, ఇది మూడోది. మ్యాచ్ లేని రోజుల్లో చాలావరకు టూర్ ఉంటుంది, ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. ఒక గైడు పదిమందినో ఇరవైమందినో వెంటబెట్టుకుని లోపలంతా తిప్పుతాడు. 1890లో పూర్తయిన పెవిలియన్ భవనం, అందులో లాంగ్ రూమ్ అనే పొడవాటి హాలు. బ్యాట్స్‌మన్ డ్రెస్సింగ్ రూమ్ మెట్లు దిగి, ఈ హాల్లో కూర్చున్న క్లబ్బు సభ్యుల మధ్య నుంచి నడిచి గ్రౌండులోకి వెళ్ళాలి. అవుటైతే మళ్ళీ ఆ పెద్దమనుషుల మధ్య నుంచే తిరిగి రావాలి. మన కల్యాణమంటపంలో విస్తళ్ళ ముందు కూర్చున్న పెద్దల మధ్య నుంచి తలవంచుకుని నడిచినట్టు ఉంటుందేమో.

పైన సందర్శక జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో గోడ మీద చెక్క బోర్డులుంటాయి. టెస్టులో సెంచరీ కొట్టినవాళ్ళు, ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసినవాళ్ళ పేర్లు. వెంగ్‌సర్కార్ పేరు మూడుసార్లుంటుంది. 1990లో 121 కొట్టిన మన హైదరాబాదీ అజహరుద్దీన్ పేరు ఉంటుంది. గవాస్కర్ పేరు, సచిన్ పేరు ఉండవు. మీ అన్నయ్య ఆ బోర్డు ముందు ఎంతసేపు నిలబడతాడో, ఎవరెవరి గురించి గైడుకే పాఠం చెబుతాడో నేను ఊహించుకోగలను. ఆ గదిలోంచి బాల్కనీలోకి వెళ్ళొచ్చు. 2002లో గంగూలీ చొక్కా విప్పి తిప్పింది ఈ పెవిలియన్ బాల్కనీలోనే. కపిల్ దేవ్ కప్పు ఎత్తి చూపించిందీ ఈ పెవిలియన్ మీది నుంచే.

అక్కడ నిలబడి కిందికి చూస్తే, లెక్కల మాస్టారిగా మీకు నచ్చేది ఒకటుంది. ఆ గ్రౌండు చదునుగా ఉండదు. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాదాపు రెండున్నర మీటర్ల వాలు ఉంది. అంటే ఒక చివర నిలబడ్డ మనిషి తల మీద ఇంకో మనిషి సగం దాకా నిలబడ్డంత తేడా. టీవీలో ఇది తెలియదు. బంతి ఒక వైపు నుంచి వేస్తే లోపలికి, ఇంకో వైపు నుంచి వేస్తే బయటికి వెళ్ళడానికి ఈ వాలు సాయం చేస్తుంది. ఆ వాలు మీదే, 1983 ఫైనల్లో, మదన్‌లాల్ బంతిని వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రిచర్డ్స్ గాల్లోకి లేపితే, కపిల్ వెనక్కి పరిగెత్తుతూ పట్టాడు. మీ ఖాతా పుస్తకంలో ఆ వికెట్ ఎదురుగా అన్నయ్య ఏదైనా గుర్తు పెట్టాడా? మీరు రాయలేదు, తెలుసుకోవాలని ఉంది.

మ్యూజియంలో యాషెస్ పాత్ర ఉంటుంది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా కొట్టుకునే ఆ పాత్ర మన కుంకుమ భరిణె కంటే కాస్త పెద్దదంతే. దానికంటే నాకు ఇష్టమైనది పిచ్చుక. 1932లో మన దేశపు తొలి టెస్టు ఆడిన జట్టులో జహంగీర్ ఖాన్ అని ఒక బౌలర్ ఉన్నాడు. 1936లో కేంబ్రిడ్జి తరఫున లార్డ్స్‌లో బౌలింగ్ చేస్తుంటే ఆయన వేసిన బంతి ఎగురుతున్న పిచ్చుకకి తగిలి అది చచ్చిపోయింది. దాన్ని పాడవకుండా చేసి, ఆ బంతి మీదే కూర్చోబెట్టి దాచుకున్నారు. పాపం పిచ్చుక. ఆ తొలి టెస్టు కూడా లార్డ్స్‌లోనే జరిగింది. కెప్టెన్ సి.కె.నాయుడు, నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికంటే ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. మొదలైన తేదీ చూడండి: 1932 జూన్ 25. మీ ఖాతా పుస్తకంలో ఉన్న తేదీయే, యాభై ఒక్క ఏళ్ళ ముందు.

లండన్ దాకా వెళ్ళి ఒక్క లార్డ్స్ చూసి వచ్చేయకండి. థేమ్స్ నదికి దక్షిణాన ఓవల్ ఉంది. లార్డ్స్‌కి ఉన్నంత హంగు దానికి లేదు. పక్కనే పాత గ్యాస్ ట్యాంకుల ఇనప చట్రం కనిపిస్తూ, మామూలు పేటలో మామూలుగా ఉంటుంది. కానీ తెలుగువాళ్ళకి లార్డ్స్ కంటే అదే దగ్గర అంటాను. 1971 ఆగస్టులో ఇంగ్లండ్‌ని వాళ్ళ దేశంలో మనం మొదటిసారి ఓడించింది అక్కడే. చంద్రశేఖర్ 38 పరుగులకి ఆరు వికెట్లు తీస్తే ఇంగ్లండ్ 101కి కుప్పకూలింది. గెలుపు పరుగులు బౌండరీగా కొట్టింది హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ ఆబిద్ అలీ. ఆ రోజుల్లోనే వినాయక చవితి రావడంతో అక్కడి మనవాళ్ళు జూ నుంచి బెల్లా అనే ఏనుగును తెప్పించి గ్రౌండులో తిప్పారు. మళ్ళీ 2025 ఆగస్టు 4న, అదే గ్రౌండులో, ఇంకో హైదరాబాదీ సిరాజ్ యార్కర్‌తో చివరి వికెట్ పడగొట్టాడు. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. అది మీరిద్దరూ చూసే ఉంటారు. 1971 నాటికి అన్నయ్యకి పదమూడేళ్ళు. కొట్లో కూర్చోకముందు విన్న ఆట అది. ఆయనకి ఆ ఏనుగు గుర్తుందేమో అడగండి.

మ్యాచ్ చూడలేకపోతున్నామే అనిపిస్తే ఒక దారి ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్, ఓవల్‌లో సర్రే కౌంటీ మ్యాచ్‌లు ఆడతాయి. నాలుగు రోజుల మ్యాచ్‌కి జనం పలచగా ఉంటారు, టికెట్టు టెస్టుతో పోలిస్తే చాలా తక్కువ. థర్మాస్‌లో టీ, పేపరు, అల్లికలు తెచ్చుకుని కూర్చున్న ముసలివాళ్ళ మధ్య మీరిద్దరూ ఇట్టే కలిసిపోతారు. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు రేడియోలో విన్నంత స్పష్టంగా వినిపిస్తుంది. మే నెలాఖరు, జూన్ మొదట్లో అయితే చలి మరీ ఎక్కువ ఉండదు. వాళ్ళ స్కూళ్ళకి సెలవులిచ్చే జులై ఆఖరు, ఆగస్టుల్లో మాత్రం విమానం ఛార్జీలు, హోటళ్ళు మండిపోతాయి.

ఇప్పుడు అన్నయ్య సంగతి. "చెబితే వింటాను" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. జీవితమంతా ఆయన చేసింది అదేగా, ఎవరో చూసి చెబుతుంటే వినడం. రాత్రిళ్ళు ఫోన్లో ఆ గ్రౌండు చూసుకునే మనిషికి ఆ చలిదేశం వద్దని కాదు. తమ్ముడి డబ్బుతో వెళ్ళడం ఇష్టం లేదు. ఇంట్లో ఎప్పుడూ పెట్టే చెయ్యి ఆయనది. ఇవాళ పుచ్చుకునే చెయ్యి కావాలంటే కష్టం. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. నిజంగానే భయం ఉండొచ్చు. స్టెంట్ పడ్డవాళ్ళకి పది గంటల విమాన ప్రయాణం అంటే లోపల బెరుకుంటుంది, పైకి చలి అంటారు.

ఏది నిజమో తెలియాలంటే అడిగే పద్ధతి మార్చండి. "వస్తావా అన్నయ్యా" అంటే "నాకెందుకురా" అనే వస్తుంది, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకేమంటారు? "నిన్ను తీసుకెళ్తాను" అనవద్దు. "నా చదువుకి బదులు" అన్న మాట అసలే వద్దు. ఆయన లెక్క వేసి ఇవ్వలేదు, మీరు లెక్క వేసి తీర్చకండి. మీ కార్డియాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి, విమానం ఎక్కవచ్చని కాగితం మీద రాయించుకోండి. ఖర్చులో ఏదో ఒక భాగం ఆయన్నే పెట్టుకోనివ్వండి, వీసా ఫీజో, అక్కడ తిండి ఖర్చో. కొట్టు నడిపిన మనిషి, చేతిలో డబ్బు లేకుండా ఊరు దాటడు. విమానం టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడిగితే డబ్బేమీ తీసుకోరు. అన్నయ్య వద్దంటాడు, అయినా రాయించండి. హీత్రూలో నడక చూశాక ఆయనే కూర్చుంటాడు. లార్డ్స్ టూర్‌లో మెట్లుంటాయి, మోకాళ్ళ సంగతి బుకింగ్‌లోనే రాసి ఏం చేయగలరో కనుక్కోండి. మందులు, చీటీలు చేతి సంచిలోనే ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్టెంట్, షుగరు రెండూ దాచకుండా రాయండి. దాచి తీసుకున్న పాలసీ అవసరం పడ్డప్పుడు పనికిరాదు. 70 దాటాక ఈ ప్రీమియం ఇంకా పెరుగుతుంది కూడా.

మెల్‌బోర్న్ సంగతికి వద్దాం. 1877 మార్చిలో ప్రపంచపు మొట్టమొదటి టెస్టు, 1971 జనవరిలో మొదటి వన్డే జరిగింది అక్కడే. లక్ష మంది పడతారు. ఖాళీగా ఉంటే అది పెద్ద కాంక్రీటు గిన్నె. మ్యాచ్ లేని రోజున టూర్ ఉంది, స్పోర్ట్స్ మ్యూజియం ఉంది, చూడొచ్చు. కానీ డిసెంబరు 26 పొద్దున రిచ్‌మండ్ స్టేషన్లో రైలు దిగి, ఆ జనంతో పాటు పార్కులోంచి నడిచి వెళ్ళడంలోనే అసలు సంగతి ఉంది. ఇండియా ఆడకపోయినా సరే. ఎండకి టోపీ, సన్‌స్క్రీన్ తప్పవు, నీడ పడే వైపు సీటు తీయమని అబ్బాయికి చెప్పండి. ఆవకాయ తీసుకెళ్తారు కదా, అక్కడ దిగేటప్పుడు నింపే కార్డులో తినే వస్తువులున్నాయని టిక్కు పెట్టండి. చూసి చాలాసార్లు వదిలేస్తారు, చెప్పకుండా దొరికితే మాత్రం జరిమానా గట్టిగా వేస్తారు.

2024 డిసెంబరు 28న ఆ గ్రౌండులో జరిగింది మీకు తెలుసు. విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. పదకొండోవాడు సిరాజ్ వచ్చి ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ బంతులు మూడు కాచుకున్నాడు. మూడో బంతి కాచుకోగానే స్టేడియం అంతా సెంచరీ అయిపోయినట్టే అరిచింది. తర్వాతి ఓవర్లో నితీష్ బోలండ్ బంతిని నేరుగా బౌండరీకి కొట్టి, మోకాలి మీద కూర్చుని, నిలబెట్టిన బ్యాటుకి హెల్మెట్ తగిలించాడు. కెమెరా స్టాండ్స్‌లో వాళ్ళ నాన్నని చూపించింది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి, చేతులు జోడించి ఏడుస్తున్నాడు. ఆ టెస్టు మనం ఓడిపోయాం, కానీ ఎవరికి గుర్తుంది? చదువు వదులుకున్న మీ అన్నయ్య ఆ పూట టీవీ ముందు ఎలా ఉన్నాడో మీరు రాయలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

డిసెంబరులో ఆవిడతో మెల్‌బోర్న్ వెళ్ళి, ఆ తర్వాతి మే, జూన్‌లో అన్నయ్యతో లండన్ వెళ్ళడం ఒక దారి. మనవరాలు, కొడుకు, ఆవిడ, అందరూ సంతోషిస్తారు, మెల్‌బోర్న్ టికెట్లు కొడుకువి కాబట్టి మీ ఏడు లక్షలు అలాగే ఉంటాయి. చిక్కు ఏమిటంటే అన్నయ్య ఆరోగ్యానికి ఇంకో ఆరేడు నెలలు వయసు పెరుగుతుంది. ఇంకో చిక్కు మీలోనే ఉంది. ఒక పెద్ద గ్రౌండు చూసి వచ్చాక "చూశాం కదా" అన్న తృప్తి వచ్చి, లండన్ మళ్ళీ వాయిదా పడుతుంది. ఈ దారి పట్టేట్టయితే మెల్‌బోర్న్ ఎక్కేముందే లండన్ టికెట్లు తీసేయండి. అన్నట్టు బాక్సింగ్ డే ఆట మనకి తెల్లవారుజామున అయిదింటికి మొదలవుతుంది. స్టాండ్స్‌లోంచి అన్నయ్యకి వీడియో కాల్ చేయండి, ఎలాగూ లేచే ఉంటాడు.

లండన్ ముందు పెట్టుకుంటే అన్నయ్యకి మంచిది. కానీ మనవరాలిని చూడ్డానికి ఆవిడ ఇంకో ఏడాది ఆగాలి. ఇప్పటికే దెబ్బ తిన్న మనిషిని మళ్ళీ ఆగమంటున్నారు. ఆవిడ తానై సరే అంటే తప్ప ఈ దారి నేనైతే పట్టను. డిసెంబరుకి ఆవిణ్ణి ఒక్కర్తినే పంపడం కూడా కుదురుతుంది, కానీ ఎయిర్‌పోర్టుల టెన్షన్ ఆవిడ ఒప్పుకుంటుందో లేదో మీకే తెలియాలి.

వదినగారితో కలిపి నలుగురూ లండన్ వెళ్ళడం ఇంకోటి. ఖర్చు రెండింతలు, ఏడు లక్షల్లో నలుగురు వెళ్ళి రావడం కష్టం. కానీ "లండన్‌లో మనకెవరున్నారు" అన్న ప్రశ్నకి "మేమున్నాం" అని వదినగారు అనొచ్చు. ఈ దారిలో ఒక షరతు: గ్రౌండ్లకి రెండు రోజులు మించకూడదు, మిగిలిన రోజులు వాళ్ళిద్దరూ చెప్పిన చోటికి.

డాక్టరు అంత దూరం వద్దంటే శ్రీలంకలో గాలె చూడండి. చెన్నై నుంచి కొలంబో గంటన్నర లోపు విమానం, అక్కడి నుంచి సముద్రం పక్కనే సాగే రైలు. 2004 సునామీలో మునిగి మళ్ళీ లేచిన గ్రౌండు. 2010లో మురళీధరన్ తన 800వ వికెట్‌గా మన ప్రజ్ఞాన్ ఓఝాని అవుట్ చేసి టెస్టుల నుంచి రిటైరైంది అక్కడే. మ్యాచ్ ఉంటే పక్కనున్న డచ్చివాళ్ళ కోట గోడ మీద కూర్చుని జనం టికెట్ లేకుండా చూస్తారు. నేనూ అలాగే చూశాను, వెనక సముద్రపు గాలి, పక్కన మామిడికాయ ముక్కలమ్మే అబ్బాయి, ఎవరు బౌలింగ్ చేస్తున్నారో కూడా సరిగా కనపడలేదు. బాగుంది. కానీ మాస్టారూ, అది ఆ గ్రౌండు కాదు. అన్నయ్య ప్రయాణం ఎలా తట్టుకుంటాడో చూసుకోవడానికి మొదటి మెట్టుగా అయితే మంచిదే. దానికి బదులుగా అనుకుంటే ఇద్దరికీ మనసులో వెలితి ఉంటుంది.

ఏ దారి పట్టినా, అసలు ఏదీ పట్టకపోయినా, ఒక పని ముందు చేయాలి. ఎనిమిది పేజీల్లో మీరు మీ పాస్‌పోర్టు గురించి రాశారు, ఆవిడ పాస్‌పోర్టు గురించి రాశారు. అన్నయ్యది ఎక్కడా లేదు. బహుశా ఆయనకి పాస్‌పోర్టే లేదు. రేపు పొద్దున వెళ్ళి లండన్ మాట, డబ్బు మాట ఎత్తకుండా, "అన్నయ్యా, నీ ఆధారూ, టెన్త్ సర్టిఫికెట్టూ ఇవ్వు, పాస్‌పోర్టుకి పెడతాను" అనండి. ఎందుకురా అని విసుక్కుంటాడు. విసుక్కుంటూనే కళ్ళజోడు వెతుక్కుని బీరువా వైపు నడిచాడా, లేక కుర్చీలోనే కూర్చున్నాడా, అది చూసి మళ్ళీ నాకొక ఉత్తరం రాయండి.